యాకుత్‌పురాలో పదకొండు జతల చెప్పులు

పాలకొల్లు తిరిగి వచ్చినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, చార్మినారు చూశావా అని. చూశాను. రిక్షా గుడ్డ చిరుగులోంచి, రెండు వేళ్ళ వెడల్పున చూశాను. నేను వెళ్ళింది దానికోసం కాదు గనుక ఆ మాట అక్కడితో వదిలేసి, నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను.

ముందు ఎందుకు వెళ్ళానో చెప్పాలి. మా వైపు లేసు అల్లిక మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో మీకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా నేను వారంలో ఆరు రోజులు ఆ అల్లిక నేర్పుతూ, ఏడో రోజు ఆదివారం బడిలో వాక్యం చెబుతూ ఉన్నాను. మనకు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, హైదరాబాదులో ఉన్న మన సంఘం పంతులమ్మ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పోలీసు చర్య నాటి గడబిడల్లో అక్కడి జిల్లాల్లోని తమ ఊళ్ళు వదిలి పట్నం చేరిన తురక స్త్రీలు ఆరేళ్ళయినా ఇంకా నిలదొక్కుకోలేదని రాసింది. దారం పంపుదాం, అల్లిక నేర్పుదాం, అల్లినది మనమే కొందాం అని మా స్త్రీల సమాజం అనుకుంది. ఎవరెవరికి ఇవ్వాలి అన్న చోట మాట ఆగింది. అప్పుడు లేచి నిలబడింది నేనే. తొలినాటి సంఘం విధవరాండ్రను లెక్కలో రాసుకుని పోషించిందని, మనమూ నిజంగా విధవరాండ్రయిన వారినే చేర్చుకోవాలని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆ రాత్రే పెద్ద కాగితం తీసుకుని పైన "విధవరాండ్రు" అని గుండ్రంగా రాసి, కింద గీతలు కొట్టాను. దాని మీద వేలిముద్రలు తెస్తేనే దారం మూటలు కదులుతాయి.

గుడ్డ కట్టిన రిక్షా

కాచిగూడలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. రిక్షా అతను నేను ఎక్కగానే చుట్టూ మాసిన దుప్పటి లాంటి గుడ్డ కట్టేశాడు. "నేను గోషా మనిషిని కాదు బాబూ" అన్నాను. అతను "ఉండనీ అమ్మా, దుమ్ము గూడ రాదు" అని తొక్కడం మొదలుపెట్టాడు.

అట్లా మొదటిసారి ఒక నగరాన్ని చెవులతో చూశాను. ఇత్తడి మీద సుత్తి దెబ్బలు, గుర్రపు డెక్కలు, నమాజు పిలుపు, ఎవరో నవ్వడం, నవ్వు మధ్యలో ఆగిపోవడం. గుడ్డ లోపల వెలుతురు ఎర్రగా ఉంది. నా చేతులు నాకే కొత్తవారి చేతుల్లా కనిపించాయి. ఒక మలుపులో అన్ని చప్పుళ్ళూ ఒక్కసారి తగ్గిపోయాయి. "యాకుత్‌పురా వచ్చిందమ్మా" అన్నాడు.

దిగి సీతాఫలాలు కొన్నాను. మన రూపాయి ఇస్తే పండ్లవాడు లెక్కకు మించి చిల్లర ఇచ్చాడు. పొరపాటు పడ్డాడనుకుని నాలుగు ఇళ్ళు వెనక్కి పరుగెత్తి తిరిగి ఇవ్వబోయాను. వాడు పడీపడీ నవ్వాడు. "నీది కల్దారు రూపాయమ్మా, నేనిచ్చింది హాలీ సిక్క. మీ దిక్కు గిట్ల ఎవరన్న చిల్లర వాపస్ ఇస్తరా?" అక్కడ ఇంకా నిజాం నాటి డబ్బూ మన డబ్బూ రెండూ నడుస్తున్నాయి. ఒకే వస్తువుకు రెండు ధరలు. పండ్లు మాత్రం మన కొండ సీతాఫలాల కంటే పెద్దవి, గింజ తక్కువ.

యాదమ్మ

పంతులమ్మ సెలవు మీద ఊరెళ్ళింది. ఆమె గది తాళం పక్కింటి పాలమ్మే యాదమ్మ దగ్గర పెట్టింది. యాదమ్మకు నాలుగు గేదెలు, ఒక మొగుడు. పేరు మల్లయ్య. నోరు మాత్రం ఇంట్లో ఆమెకే ఉన్నట్టుంది. ఆ గల్లీలో మూడు తరాలుగా ఉన్నారట.

"తురకోళ్లకు పని నేర్పనీకి అంత దూరంకెళ్లి వచ్చినవా టీచరమ్మా?" అంది వేడి జొన్నరొట్టె నా ముందు పెడుతూ. "మంచిగనే ఉన్నది. మరి మేమేం పాపం జేసినం? మా గల్లీల మేం గూడ పేదోళ్లమే. ఆళ్లు వచ్చినంక నీళ్లు పంచుకున్నం, జాగ పంచుకున్నం. దారం పంచుకోవద్దా?"

నేను రొట్టె తుంచుకున్నాను. విధవరాండ్ర కాగితంలో మొగుడున్న ఆమెకు చోటేది?

గుమ్మం

బుధవారం పొద్దున యాదమ్మ పాలబిందెతో ముందు, నేను నేర్పడానికి తెచ్చిన చిన్న దారం మూటతో వెనక బయల్దేరాం. ఆ స్త్రీలు ఉండే ఇల్లు ఒకప్పటి నవాబుల బంధువుల దేవిడీ, అంటే పెద్ద భవంతి. సగం కూలిపోయింది. మిగిలిన సగంలో పదకొండు మంది స్త్రీలు, తొమ్మిది మంది పిల్లలు ఉంటారు.

గుమ్మం ముందు మగవాళ్ళ చెప్పులు వరసగా ఉన్నాయి. పదకొండు జతలు. ముక్కు వంగిన జోళ్ళు, రైతులు వేసుకునే మొద్దు చెప్పులు, తాళ్ళు లేని గోధుమరంగు బూట్లు. అన్నీ నూనె రాసి తుడిచి ఉన్నాయి.

యాదమ్మ గడప దాటలేదు. బయటే ఆగి, "భాయ్‌సాబ్, పాలు!" అని కేక వేసి, తల వంచి నిలబడింది. లోపల నుంచి ఏ జవాబూ రాలేదు. ఎవరో జవాబు చెప్పినట్టే ఆమె తల ఊపి లోపలికి అడుగుపెట్టింది.

మగవాళ్ళు ఇంట్లో ఉన్నారు కాబోలు, ఈ ఇంట్లో నాకు విధవరాండ్రు దొరకరు అనుకున్నాను. నా చెప్పులు విప్పి ఆ వరస చివర పెట్టాను. ఒక చిన్నపిల్ల గబుక్కున వచ్చి వాటిని తీసి గోడ అవతల పెట్టింది.

లోపల హాలులో స్త్రీలు చాపల మీద కూర్చుని ఉన్నారు. వారికి పెద్ద కుల్సుంబీ. బీదరు అవతల ఒక పల్లె ఆమెది. తెలుగు బాగా మాట్లాడుతుంది. నన్ను ఉస్తానీమా అని పిలిచింది, అంటే పంతులమ్మ అని. పొద్దుటి తిండికి పప్పు ఖిచిడీ, పైన చింతపండు నువ్వుల పులుసు పెట్టారు. మన పులగం పచ్చిపులుసు లాగే ఉంది. తిన్నాక మూట విప్పాను. కుల్సుంబీ దారం ఉండను వేలితో తాకింది.

"దారమంత తెల్లదేనా?"

"లేసుకు తెల్లదే బాగుంటుంది."

"మాకు తెల్లబట్ట దేనికో నీకు ఎరుకలేదు" అంది. అని సూది చేతికి తీసుకుంది. గంటలో మా పిల్లలు వారానికి నేర్చేది నేర్చేసింది.

కాగితం తీసి చదివాను. కుల్సుంబీ సూది ఆపకుండానే, "మేం ఎవ్వరం రండలం కాదు ఉస్తానీమా" అంది. "మా ఆయన అన్నను పిలుచుక వస్తనని బోయిండు. ఇంకొకామె మొగడు ఎద్దులు కట్టేసి వస్తనని బోయిండు. సచ్చిండ్రని ఎవరు జెప్పిండ్రు? మట్టి ఇచ్చినమా? చూసినమా? ఈ కాగితం మీద నేను వేలు పెడ్తే మా ఆయనను నేనే సంపినట్టు."

"వేలు పెట్టకపోతే దారం రాదమ్మా. సోమవారం నేను వెళ్ళిపోవాలి."

"అయితే తీస్కపో నీ దారం" అంది. కోపంగా అనలేదు. అదే నాకు కష్టమనిపించింది. ఆ ఇంట్లో పొద్దుటి ఖిచిడీ తర్వాత మళ్ళీ పొయ్యి వెలగదని అప్పటికే నాకు తెలిసింది.

మధ్యాహ్నపు నడక

గురువారం మధ్యాహ్నం వాళ్ళు నమాజుకు లేచారు. నేను హాలులో ఒక్కదాన్నే అల్లికలు సరిచూస్తున్నాను. ఎండ నిటారుగా ముంగిట్లో పడుతోంది. పైన, మేడ వరండాలో, మగవాళ్ళ అడుగుల చప్పుడు వినబడింది.

ఒకరిది కాదు. చాలామందివి. బరువైన మడమలు, ఒక కొస నుంచి ఇంకో కొసకు వెళ్ళడం, తిరగడం, మళ్ళీ రావడం. మాటల్లేవు. దగ్గు లేదు. తలుపు వైపు చూశాను. గుమ్మం ముందు ఒక్క జతా లేదు. పొద్దున చెప్పులున్న చోట దుమ్ములో పదకొండు జతల గుర్తులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి.

నేను దయ్యాలను నమ్మేదాన్ని కాను. ప్రభువు నామం తలుచుకుంటూ మెట్లెక్కాను.

వరండాలో ఆ పదకొండు మంది స్త్రీలే నడుస్తున్నారు. ఒకరి వెనక ఒకరు, పమిట తల మీదికి లాక్కుని, చిన్న పాదాలకు ఆ పెద్ద జోళ్ళు తొడుక్కుని. చూపులు నేల మీదే. అందరికంటే చిన్నది రజియా, ఇరవై రెండేళ్ళుంటాయి. ఆ గోధుమరంగు బూట్లలో ఆమె పాదాలు జారిపోతున్నాయి. బూటు కింద పడినప్పుడల్లా ఆమె ముఖం ఎవరో పిలిస్తే విన్నట్టు ఒక్క క్షణం తేరుకుంటోంది. ఎవరూ నన్ను చూడలేదు. లేక చూసి ఆగలేదు. నేను వచ్చిన మెట్ల మీదే వెనక్కి దిగాను.

సాయంత్రం యాదమ్మ గేదె దగ్గర కూర్చుని ఉంటే అడిగాను.

"గల్లీకంత ఎర్కనే" అంది, పొదుగు మీద నుంచి చెయ్యి తియ్యకుండా. "తోలు ఎండితే పలుగుతది టీచరమ్మా. ఆళ్ల మొగోళ్లు వచ్చినంక తొడుక్కోవద్దా? ఇంకోటి, మొగోళ్ల నడక చప్పుడు బయటకు ఇనబడ్తే ఎవడన్న బద్మాష్ గడప దొక్కుతడా? గందుకే మేం గూడ బయట నిలబడి అడుగుతం."

"కొందరు చెప్పులు కూడా లేకుండా పారిపోయి ఉంటారు కదా. అన్ని జతలు ఎక్కడివి?"

"జుమ్మేరాత్ బజార్ల పాతయి కొన్నరు. కుల్సుంబీ ఆమె మొగని కాలు జానెడు మీద రెండు వేళ్లని యాది వెట్టుకున్నది. చెయ్యి పెట్టి కొలిచి తెచ్చింది."

"ఆరేళ్ళయింది యాదమ్మా. రానివాళ్ళ కోసం ఇట్లా..."

ఆమె నా వైపు తిరిగింది. "మీ దేవుడు గూడ మల్ల వస్తనని బోయిండంట గద? పంతులమ్మ జెప్పింది. ఎన్నేండ్లాయె? మీరు గుడి ఊడ్సుడు బంద్ వెట్టిండ్రా?"

మల్లయ్య గడ్డి మోపు దించుతూ కిసుక్కున నవ్వాడు. నేను లేచి ఆ మోపులోంచి గేదెకు గడ్డి వేశాను.

రజియా వేలు

ఒక సంగతి యాదమ్మకు చెప్పలేదు. ఆ మధ్యాహ్నమే, నడక అయ్యాక, కుల్సుంబీ బజారుకు వెళ్ళిన సమయంలో రజియా నా దగ్గరికి వచ్చింది. ఆమెకు ఆరేళ్ళ కొడుకు. వాడు కడుపులో ఉన్నప్పుడు ఆమెకు జ్వరం వస్తే, మందు తెస్తానని భర్త ఖాసిం బయటికి వెళ్ళాడు. అంతే. పిల్లవాడు మూడు రోజులుగా మూలుగుతున్నాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"కాగితంల ఏమున్నది, మల్లొకపారి చదువు" అంది.

చదివాను. నా ముఖంలోకి చూసింది. నా ఒళ్ళో ఉన్న వాక్య గ్రంథం వైపు చూసింది. తర్వాత బొటనవేలు సిరాలో అద్ది, గీత మీద గట్టిగా ఒత్తింది. వేలికంటిన సిరాను జుట్టుకు తుడుచుకుంది. ఒక పేరైనా వచ్చిందని, మిగతా పదీ వస్తాయని నేను ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కాని చెప్పుకున్నాను.

ఖాళీ

శుక్రవారం పొద్దున గుమ్మం ముందు వరసలో ఒక జత చోటు ఖాళీగా ఉంది. మిగతా జతలను దగ్గరికి జరపలేదు. తాళ్ళు లేని ఆ గోధుమరంగు బూట్లు లేవు. గడప మీద పగిలిన గాజుల ముక్కలు ఆకుపచ్చగా మెరుస్తున్నాయి.

కుల్సుంబీ ఎదురొచ్చింది. "ఖాసిం పోయిండు ఉస్తానీమా."

"ఎప్పుడు? కబురు వచ్చిందా?"

"నిన్న. నీ కాగితం మీద."

రజియాను లోపలి గదిలో చూశాను. తెల్ల బట్ట కట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. నాలుగు నెలల పది రోజులు ఆమె గడప దాటకూడదు. మొగుడు పోయిన ఆడదానికి వారి మతంలో అది విధి. పిల్లవాణ్ణి మందు కోసం ఆస్పత్రికి కూడా ఇక వేరేవాళ్ళే తీసుకెళ్ళాలి. బతుకు తెరువు కోసం నేను తెచ్చిన కాగితం ఆమెను గదిలో కూర్చోబెట్టింది.

"అమ్మా రజియా" అన్నాను, "పిల్లవాడి కోసమే వేలు వేశావు గదా. అతను పోయాడని నీకు తెలియదు, నాకూ తెలియదు. కొట్టేస్తాను. బూట్లు మళ్ళీ పెట్టు."

ఆమె తిరిగి చూసింది. ఏడవడం లేదు.

"నీకు తెల్వదా?" అంది. గొంతు చాలా మెల్లగా ఉంది. "దేవుని కితాబ్ ఒళ్లె పెట్టుకున్న మనిషివి. ఆ మాట చేత్తోని రాస్కొని అంత దూరంకెళ్లి వచ్చినవు. ఉత్తగనే రాస్తవా? నీకేదో ఎరుకైంది, నోటితోని చెప్పలేక కాగితంల చూపిస్తున్నవు అనుకున్న."

ఆ గదిలో కిటికీ లేదు. ఇరవై ఏళ్ళుగా వాక్యం చెబుతున్నాను, అబద్ధ సాక్ష్యం పలకవద్దని చిన్నపిల్లలకు కంఠస్థం చేయించాను. నేనేం చేశానో ఆ గోడ పక్కన తెలిసింది.

"బూట్లు లేవు" అంది కుల్సుంబీ గుమ్మంలోంచి. "పోయినోళ్ల సామాను ఇంట్ల పెట్టుకోరు. పొద్దుగాలనే మసీదు కాడ ఫకీరుకు ఇచ్చినం. తొడుక్కొని పోయిండు. ఎటు పోయిండో ఎవరికి ఎరుక."

ఆ మధ్యాహ్నం కూడా అడుగుల చప్పుడు వినబడింది. నేను కింద కూర్చుని విన్నాను. వరస చివరకు వచ్చేసరికి ఒక అడుగు పడవలసిన చోట ఏమీ పడలేదు. మళ్ళీ మొదటి అడుగు. రజియా గదిలో ఉంది, ఆమె నడవదని తెలుసు. అయినా ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా నడిచేవాళ్ళు అక్కడ కొంచెంసేపు ఆగి, ఎవరో దాటే దాకా వేచి ఉన్నట్టనిపించింది.

కొత్త కాగితం

శనివారం ఆ పెద్ద కాగితాన్ని పొయ్యిలో పెట్టాను. ఇంకొకటి తీసి పైన "లేసు అల్లేవారు" అని రాశాను. మా సమాజం ఒప్పుకోకపోతే దారం రాదు. ఆ సంగతి కూడా వాళ్ళకు దాచకుండా చెప్పాను.

కుల్సుంబీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదు. "మొన్న కాగితం గూడ గిట్లనే ఉండె. దీంట్ల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది? నీ మాట నమ్మి ఒక పోరి గోడకు మొకం పెట్టి కూసున్నది."

ప్రమాణం చెయ్యబోయాను. చెయ్యి గ్రంథం మీదికి వెళ్ళి ఆగిపోయింది. మొన్నటి కాగితం రాసింది కూడా ఆ చెయ్యే.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ యాదమ్మ పాలబిందె దింపింది. కొంగుకు చెయ్యి తుడుచుకుని వచ్చి, నా పక్కన చతికిలబడి, బొటనవేలు సిరాలో ముంచి మొదటి గీత మీద ఒత్తేసింది.

"సూడు కుల్సుంబీ. నా మొగడు బయట నిలబడ్డడు, బీడీ తాగుతున్నడు. ఇది సచ్చినోళ్ల కాగితమైతే ఇప్పుడు పడాలె."

అందరూ తలుపు వైపు తిరిగారు. నిజంగా తిరిగారు. ఊపిరి బిగబట్టి చూశారు. గల్లీలో మల్లయ్య బీడీ పొగ వదిలి, ఇంతమంది కళ్ళు తన మీద పడేసరికి బెదిరిపోయాడు.

"ఏందే? నన్ను గూడ సంపినవా ఏంది?"

"నిన్ను సంపాలంటే కాగితం ఎందుకు, ఒకపూట బువ్వ వెట్టకుంటే సాలు!"

ఆ ఇంట్లో స్త్రీలందరూ నవ్వడం నేను మొదటిసారి విన్నాను. నవ్వు మధ్యలోనే కుల్సుంబీ యాదమ్మ ముద్ర కింద తన వేలు పెట్టింది. వేలు ఎత్తి, మెల్లగా గుమ్మం వైపు చూసింది. ఆమె కొలిచి తెచ్చిన జోళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. తర్వాత ఒకరొకరుగా మిగతావాళ్ళు. ప్రతి ముద్రకూ ఒకసారి గుమ్మం వైపు చూడటం. ఆఖరున లోపలి గది పరదా కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, గాజులు లేని చెయ్యి. సిరా, కాగితం దాని దగ్గరికి జరిపాను. రజియా వేలు వేసి చెయ్యి లోపలికి తీసుకుంది.

పన్నెండు ముద్రలు. యాదమ్మ మొద్దు వేళ్ళకు సూది పట్టడం నేర్పడానికి ఆ మిగిలిన పూటంతా పట్టింది.

పాలకొల్లు

సోమవారం బయల్దేరి, రెండో రోజు సాయంత్రం సమాజం ముందు కాగితం పెట్టాను. పాలమ్మే ఆమె పేరు మొదట ఎందుకుందో చెప్పాను. వాళ్ళను చేర్చుకున్న గల్లీవాళ్ళను పక్కన పెట్టి, వలస వచ్చినవాళ్ళకే ఇస్తే అక్కడ ఇప్పుడున్న పొత్తు చెడుతుందని చెప్పాను. చాలాసేపు మాటలు నడిచాయి. చివరకు దారం పంపడానికి ఒప్పుకున్నారు.

"అయితే వీళ్ళలో విధవరాండ్రు ఎందరమ్మా?" అని అడిగింది మా సమాజం పెద్దమ్మగారు.

"ఒక్కరు."

"పాపం. ఆయన ఎలా పోయాడు?"

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. పెద్దమ్మగారు ప్రార్థన చేద్దామని అందరినీ మోకరించమన్నారు. అప్పుడు నేను ఒకటి అడిగాను. మీకు తెలుసు, చనిపోయినవారి కోసం ప్రార్థించే అలవాటు మన సంఘంలో లేదు. బతికి ఉన్నవారి కోసమే చేస్తాం. రజియా మొగుడి పేరు కూడా చేర్చమని అడిగాను.

ఆమె పేరు అడిగి రాసుకున్నారు. రజియా నాలుగు నెలల పది రోజుల గడువు తీరడానికి ఇంకా నెలన్నర ఉంది. ఈ లోపల ప్రతి ఆదివారం మా గుడిలో, రోగుల పేర్ల తర్వాత, ప్రయాణంలో ఉన్నవారి వరసలో, ఖాసిం పేరు పైకి చదువుతున్నారు.